పునర్విన్యాసమా, పునర్లేఖనమా? మాజెంటో, స్ప్రీ ఈ-కామర్స్ ఫ్రేమ్‌వర్క్‌ల నిర్వహణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఓపెన్ సోర్స్ ఈ-కామర్స్ ఫ్రేమ్‌వర్క్‌లు కాలం గడిచేకొద్దీ తమ లోపలి నిర్మాణాన్ని మార్చుకోక తప్పదు. ఆ మార్పు భారం ఎవరిపై పడుతోందన్న ప్రశ్నను మాజెంటో, స్ప్రీ అనే రెండు ఫ్రేమ్‌వర్క్‌ల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఓపెన్ సోర్స్, ఈ-కామర్స్, పునర్విన్యాసం, పునర్లేఖనం, మాజెంటో, సాలిడస్.

ఉపోద్ఘాతం

‘రీఫ్యాక్టరింగ్’ అనే సాంకేతిక పదం వినగానే తెలుగులో ‘పునర్నిర్మాణం’ అన్న మాట స్ఫురిస్తుంది. అయితే పాత కట్టడాన్ని పడగొట్టి కొత్తది లేపడాన్ని కూడా పునర్నిర్మాణమే అంటాం. మార్టిన్ ఫౌలర్ 1999లో వెలువరించిన గ్రంథంలో ఈ పదానికి ఇచ్చిన అర్థం అది కాదు. ప్రోగ్రాము బయటికి ప్రవర్తించే తీరు మారకుండా, లోపలి అమరికను చిన్నచిన్న అంచెల్లో మెరుగుపరచడమే అతని దృష్టిలో రీఫ్యాక్టరింగ్. అందువల్ల ఈ వ్యాసంలో దాన్ని ‘పునర్విన్యాసం’ అనీ, మొదటినుంచి మళ్లీ రాయడాన్ని ‘పునర్లేఖనం’ అనీ వ్యవహరించడం జరిగింది. ఈ తేడా పరిభాషతో ముగిసేది కాదు. పునర్విన్యాసంలో శ్రమ ప్రధానంగా ఫ్రేమ్‌వర్క్‌ను నిర్వహించేవారిది. పునర్లేఖనంలో ఆ శ్రమలో పెద్ద భాగం దాన్ని నమ్ముకుని దుకాణం నడిపేవారికి బదిలీ అవుతుంది.

ప్రాచీన కావ్యపాఠాన్ని పరిష్కరించే పండితులకు ఒక వెసులుబాటు ఉంది. పరిష్కృత ప్రతి వెలువడినంత మాత్రాన పాత ప్రతి చదువుకునేవారికి నష్టమేమీ లేదు. ఫ్రేమ్‌వర్క్ పరిష్కర్తలకు ఆ వెసులుబాటు లేదు; పాత ప్రతి మీద అప్పటికే వేలాది దుకాణాలు రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటాయి.

మాజెంటో: లోపలనేది లేని ఇల్లు

పీహెచ్‌పీ భాషలో రాసిన మాజెంటో తొలి రూపాన్ని అమెరికాకు చెందిన వేరియన్ సంస్థ 2008 మార్చిలో విడుదల చేసింది. దీని డేటాబేస్ అమరిక ఆనాటికి సాహసోపేతమైనది. చీరకు రంగు, నేత రకం కావాలి. పుస్తకానికి రచయిత, పుటల సంఖ్య కావాలి. ప్రతి సరుకుకూ వేరే పట్టిక గీయకుండా, ఒక్కొక్క లక్షణం విలువను ఒక్కొక్క వరుసగా భద్రపరిచే పద్ధతిని మాజెంటో అనుసరించింది. అక్షరాలు, పూర్ణాంకాలు, దశాంశాలు, తేదీలు వేర్వేరు పట్టికల్లో ఉంటాయి. దుకాణదారు ప్రోగ్రామర్ సాయం లేకుండానే కొత్త లక్షణాన్ని చేర్చుకోగలడు. కానీ ఒక్క సరుకు వివరాలు చూపడానికి అనేక పట్టికలను కలిపి చదవాలి. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి అన్నీ ఒకేచోట పేర్చిన అదనపు పట్టికలు వచ్చాయి. వాటిని ఎప్పటికప్పుడు తాజాపరిచే పని వాటి వెంటే వచ్చింది.

అసలు చిక్కు మాత్రం డేటాబేస్‌లో కాదు, విస్తరణ పద్ధతిలో ఉంది. పన్ను, రవాణా ఛార్జీ, తగ్గింపు ధర ఏ రెండు దుకాణాల్లోనూ ఒకేలా ఉండవు కాబట్టి ఈ-కామర్స్ ఫ్రేమ్‌వర్క్‌ను బయటివారు మార్చుకోగలగాలి. మాజెంటో మొదటి తరం ఈ అవసరాన్ని అంతులేని ఉదారతతో తీర్చింది. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో నాలుగు వరుసలు రాస్తే దాదాపు ఏ మూల క్లాసు స్థానంలోనైనా సొంత క్లాసును నిలపవచ్చు. అదీ చాలకపోతే మూల ఫైల్‌ను ‘లోకల్’ అనే ఫోల్డర్‌లోకి నకలు చేసి దిద్దుకుంటే ఆ నకలే ముందుగా లోడ్ అవుతుంది. రెండు ఎక్స్‌టెన్షన్‌లు ఒకే క్లాసు స్థానాన్ని ఆశిస్తే ఒకటే నిలుస్తుంది. రెండోది ఏ హెచ్చరికా లేకుండా పనిచేయడం మానేస్తుంది.

ఈ ఉదారత పర్యవసానాన్ని విమర్శకులు తగినంతగా గుర్తించలేదనిపిస్తుంది. లోపలి మెథడ్‌లన్నింటినీ ఎవరైనా మార్చుకోగలిగినప్పుడు, ప్రతి మెథడ్ మీదా ఎక్కడో ఒక దుకాణం ఆధారపడి ఉంటుంది. అప్పుడు లోపల, బయట అన్న భేదమే చెరిగిపోతుంది. బయటి ప్రవర్తన మారకుండా లోపలిది మార్చడమే పునర్విన్యాసమైతే, లోపలనేదే లేనిచోట అది ఎలా సాధ్యం? మాజెంటో మొదటి తరాన్ని బిగుసుకుపోయేలా చేసింది కోడ్‌లోని అపరిశుభ్రత కంటే ఎక్కువగా ఈ హద్దు లేకపోవడమే.

2015 నవంబరులో వెలువడిన మాజెంటో 2 ఈ లోపాన్ని సరిగ్గానే గుర్తించింది. బయటివారు వాడుకోదగిన ఇంటర్‌ఫేస్‌లను వేరుచేసి గుర్తు పెట్టింది. క్లాసును మొత్తంగా మార్చే బదులు ఒక మెథడ్‌కు ముందో వెనకో చుట్టూరానో సొంత పనిని జోడించే ‘ప్లగిన్’ పద్ధతిని ఇచ్చింది. రూపకల్పనగా ఇది మెచ్చదగినది. కానీ ఆ హద్దును పాత ఇంట్లో గీయలేదు, కొత్త స్థలంలో గీశారు. పాత ఎక్స్‌టెన్షన్‌లు, థీమ్‌లు కొత్త రూపంలో పనిచేయవు. సరుకుల, కొనుగోలుదారుల, ఆర్డర్ల వివరాలను తరలించే ఉపకరణం ఉంది గాని, ఏళ్లతరబడి డబ్బు పోసి రాయించుకున్న సొంత కోడ్‌ను మళ్లీ రాయించుకోవలసిందే. పాతదానికి మద్దతు 2018 నవంబరుతో ముగియవలసి ఉండగా గడువును 2020 జూన్ 30 వరకు పొడిగించారు. ఈలోగా 2018లో మాజెంటో అడోబీ చేతికి వెళ్లింది.

గడువు దాటిన మూడు నెలల లోపే, 2020 సెప్టెంబరులో ఒక వారాంతంలో, దాదాపు 2,000 దుకాణాల చెల్లింపు పుటల్లో కార్డు వివరాలు దొంగిలించే కోడ్ చేరిందని నెదర్లాండ్స్‌కు చెందిన సాన్‌సెక్ సంస్థ వెల్లడించింది. వాటిలో అత్యధికం మొదటి తరం మాజెంటోపై నడుస్తున్నవే. గడువు ముందే తెలిసినా మారకపోవడం దుకాణదారుల నిర్లక్ష్యమన్న వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇక్కడ వారిని అడిగింది వెర్షన్ మార్చుకోవడం కాదు, దుకాణాన్ని మళ్లీ కట్టుకోవడం. పైగా కార్డు వివరాలు పోగొట్టుకున్న కొనుగోలుదారులకు ఈ గడువు సంగతే తెలియదు.

పునర్లేఖనం అనివార్యమన్న వాదనను ‘ఓపెన్‌మేజ్’ పాక్షికంగా ఖండిస్తుంది. ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఇచ్చిన హక్కుతో కొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు మొదటి తరం కోడ్‌ను నిలబెట్టారు. భద్రతా సవరణలు చేశారు. పీహెచ్‌పీ 8 వరకు నడిపించారు. ఇది పునర్విన్యాసం కాదు, సంరక్షణ. హద్దు లేమి అలాగే ఉంది. కానీ దుకాణాలు మూతపడలేదు.

స్ప్రీ, సాలిడస్: పాత పేరుతో కొత్త కాపురం

రూబీ ఆన్ రెయిల్స్‌పై రాసిన స్ప్రీలోనూ ఇదే వ్యాధి ఉంది. రూబీ భాషలో ఏ క్లాసునైనా మళ్లీ తెరిచి మార్చవచ్చు. స్ప్రీ దుకాణాలు ఆ సౌకర్యాన్ని ధారాళంగా వాడుకున్నాయి. 2015లో స్ప్రీ కామర్స్ సంస్థను ఫస్ట్ డేటా కొనుగోలు చేసింది. అదే ఏడాది స్టెంబోల్ట్, బొనోబోస్ సంస్థలు స్ప్రీ 2.4 నుంచి ఒక శాఖను వేరుచేసి ‘సాలిడస్’ పేరుతో కొనసాగించాయి. స్ప్రీ కూడా ఆగిపోక వేరే నిర్వాహకుల చేతుల్లో నడుస్తోంది.

సాలిడస్ నిర్వాహకులు పాత ఇంట్లోనే హద్దు గీయడానికి పూనుకున్నారు. తొలగించదలచిన మెథడ్‌ను వెంటనే తీసివేయరు. అది పనిచేస్తూనే, దాని బదులు ఏది వాడాలో లాగ్‌లో హెచ్చరిస్తూ ఉంటుంది. ఆ తరువాతి ప్రధాన వెర్షన్‌లోనే దాన్ని తీసివేస్తారు. సాలిడస్ 3.0 దాదాపు పూర్తిగా ఇటువంటి తొలగింపులకే కేటాయించిన విడుదల. హెచ్చరికలను ముందే సరిచేసుకున్న దుకాణాలకు అందులో కొత్తగా విరిగేది పెద్దగా లేదు. క్లాసును తెరిచి మార్చే అలవాటుకు ప్రత్యామ్నాయంగా, పన్ను లెక్క వంటి పనులకు సొంత క్లాసును అమర్చుకునే నిర్దిష్ట స్థానాలను కాన్ఫిగరేషన్‌లో క్రమంగా పెంచుతూ వచ్చారు.

ఈ పద్ధతిలోనూ భారం బదిలీ అయిన సందర్భం ఉంది. కొనుగోలుదారులకు కనిపించే పుటల భాగాన్ని సాలిడస్ 4.0లో మూల ప్యాకేజీ నుంచి తప్పించి, దాని బదులు దుకాణం సొంత కోడ్‌లోకి నకలు అయ్యే ఒక ప్రారంభ నమూనాను ఇచ్చారు. ఒకసారి నకలు అయ్యాక నమూనాలో జరిగే సవరణలు దుకాణానికి వాటంతట అవి చేరవు. అయితే ప్రతి దుకాణమూ ఎలాగూ తిరగరాసుకునే భాగం ఇదే కాబట్టి, మాజెంటో వేసిన భారంతో దీన్ని సమానంగా తూచలేం.

అన్నింటికంటే గమనించదగినది పేరు. వేరుపడి ఏళ్లు గడిచినా సాలిడస్ మూల కోడ్‌లో క్లాసుల్లో అత్యధికం ‘స్ప్రీ’ అనే నామావరణంలోనే ఉన్నాయి. ఆర్డర్ల పట్టిక పేరు నేటికీ ‘స్ప్రీ_ఆర్డర్స్’. శుభ్రత కోరే ప్రోగ్రామర్లకు ఇది కంటిలో నలుసు. కొత్తగా చేరినవారు వేరే ప్రాజెక్టు కోడ్ తెరిచామేమోనని తికమకపడతారు. పేరు మార్చడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. కానీ మారిస్తే ప్రతి దుకాణం డేటాబేస్‌నూ, ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ తిరిగి సరిచేయాలి. దానివల్ల ఏ దుకాణానికీ ఒక్క ఆర్డరు కూడా అదనంగా రాదు. నిర్వాహకులు ఆ పేరును అలాగే ఉంచారు.