దేవుళ్ళు లేని ట్రాయ్

ఇతిహాసాన్ని సినిమా తీసేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది దేవుళ్ళ సంగతి. 2004లో వచ్చిన ‘ట్రాయ్’లో దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ వాళ్ళని దాదాపు పూర్తిగా తప్పించేశాడు. హోమర్ ‘ఇలియడ్’లో మెనెలాస్ చేతిలో ఓడిపోతున్న పారిస్‌ని ఆఫ్రొడైటీ దేవత పొగమంచు కప్పి మాయం చేస్తుంది. సినిమాలోనో, పారిస్ నేలమీద పాక్కుంటూ వచ్చి అన్న హెక్టర్ కాళ్ళు పట్టుకుంటాడు. రెండు సైన్యాలూ చూస్తుండగా! నాకు అసహ్యమూ జాలీ ఒకేసారి కలిగాయి. దేవతని తీసేసిన చోట మనిషిని నిలబెట్టగలిగారు.

అకిలీస్ చావు కూడా అంతే. ఒంట్లో దిగిన బాణాలు పీకి పారేస్తాడు, మడమలోది ఒక్కటే మిగులుతుంది. తర్వాత వచ్చినవాళ్ళకి కనిపించేది అదే. ఇక కథ పుట్టకేం చేస్తుంది? ఆ ఒక్క ముక్కకే నా టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయి. అయితే ‘ఇలియడ్’ మొదలయ్యేదే కోపం అన్న మాటతో. బ్రాడ్ పిట్ కండల్లో కనిపించినంత కష్టం ఆ కోపంలో కనిపించదు. ఎరిక్ బానా హెక్టరే నయం. భార్యకి వీడ్కోలు చెప్పి బయల్దేరినప్పుడే తిరిగి రాడని అతని ముఖం చెప్పేస్తుంది.

అసలు లోపం వేరే ఉంది. పదేళ్ళ యుద్ధం ఇందులో నెలైనా పట్టినట్టు లేదు. గెలిచి ఇల్లు చేరి, భార్య కుట్రకి బలి కావలసిన అగమెమ్నాన్‌ని ట్రాయ్‌లోనే చంపేశారు. చెడ్డవాడికి అక్కడికక్కడే శిక్ష, మన మాస్ సినిమాల్లోలాగే. హెక్టర్ పసికందుని గ్రీకులు కోటగోడ మీంచి విసిరేశారని పాత కథ. ఇక్కడ తల్లీబిడ్డా సొరంగంలోంచి క్షేమంగా బయటపడతారు. నిద్రలో హతమైన ఉపపాండవుల్ని ఎవరో సొరంగం గుండా దాటించారని తీస్తే మనం ఊరుకుంటామా? అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకి వాళ్ళ ఇతిహాసమైనా మన ఇతిహాసమైనా ముందు తెరమీదే పరిచయం. మావాడు “బాబు బతికాడుగా!” అని నిశ్చింతగా పాప్‌కార్న్ ఖాళీ చేశాడు. యుద్ధం ఎవరినీ వదలదన్న సంగతి వాడిదాకా రానేలేదు.

పాత కథని పెద్దగా మార్చకుండా వదిలేసిన చోట మాత్రం సినిమా నిలబడింది. ముసలి ప్రయామ్ రాత్రివేళ ఒంటరిగా శత్రువు గుడారానికి వచ్చి, కొడుకుని చంపిన చేతుల్నే ముద్దు పెట్టుకుని శవాన్ని అడుగుతాడు. అందులో పీటర్ ఓటూల్ గొంతు పెంచడు. కత్తులూ గుర్రాలూ లేవు, ఇద్దరే మనుషులు. అకిలీస్ కూడా ఏడుస్తాడు. పక్క సీట్లోంచి పాప్‌కార్న్ చప్పుడు ఆగింది అప్పుడే.