‘ఆరోపించారు’ అనే మాట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పేజీల్ల మాదిగవాడ వార్త కనబడితే క్రియాపదాలు చూడండి. పోలీసులు ‘తెలిపారు’. సర్పంచ్ ‘పేర్కొన్నారు’. దెబ్బలు తిన్న మాదిగ ‘ఆరోపించారు’. కొట్టినోళ్లకు కులం ఉండదు. అది ‘ఇరువర్గాల ఘర్షణ’. కోర్టు తేల్చేదాకా ఆరోపణ అనుడే న్యాయమంటరు. సరే, మరి పోలీసు మాటకు ఆ నియమం ఎందుకు లేదు?

1894లో ఫ్రాన్సులో యూదు కెప్టెన్ డ్రైఫస్‌ను డ్రూమోఁ పత్రిక విచారణకు ముందే ద్రోహిని చేసింది. అక్కడ నింద వార్తయింది. ఇక్కడ జరిగిన దాడి నింద అయితున్నది.

ఒక్క విలేకరిని తిట్టి లాభం లేదు. మండలాల్ల చాలామందికి యాడ్ల కమీషనే బతుకు. గద్వాల దిక్కు యాడ్ ఇయ్యగలిగినోళ్లల్ల సీడ్ ఆర్గనైజర్లున్నరు. ఆ పత్తి చేన్ల క్రాసింగ్ పనికి పోయింది మా వాడల ఆడపిల్లలు. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో దళిత జర్నలిస్టు కోసం వెతికితే ఒక్కరూ దొరకలె. 2016లో పాలమూరు చీలి కొత్త జిల్లాలయినయి. డెస్కు మీద వార్త దిద్దే చెయ్యి ఎవరిదనే ప్రశ్న మాత్రం ఎవరూ ఎత్తలె.

మా వాడ మీద దాడయిన మర్నాడు పేపరు చూసిన. తలకు కుట్లు పడ్డ మా చిన్నాయన అందుల ఒక ‘వర్గం’, పేరు లేదు. అదే పేజీ కింద ఒక ఆర్గనైజరు పుట్టినరోజు ఫొటో, పేరు పక్కన ‘గారు’.