సున్నం గోడకు సిమెంటు వైద్యం

పాత ఇంటి గోడ రాలుతోందంటే మనకు మొదట గుర్తొచ్చేది సిమెంటు బస్తా. సింగరాయకొండలో తాతల నాటి మిద్దెలకు జరుగుతున్న వైద్యం ఇదే. పూసినప్పుడు గోడ నున్నగా మెరుస్తుంది. కొన్నేళ్లకు పూత ఉబ్బి, ఇటుకతో సహా ఊడి కింద పడుతుంది.

ఆమధ్య అలాంటి గోడ ఒకటి దగ్గరగా చూశాను. ఒక వరసలో ఇటుకలు పొడవుగా, దాని మీద వరసలో అడ్డంగా, మళ్లీ పొడవుగా. ఇంగ్లీష్ బాండ్ కట్టుబడి. మూల పక్కనే, నిలువునా చీల్చిన సన్నటి ఇటుక ముక్క. అతుకు మీద అతుకు పడకుండా చూసేది అదే. మధ్యలో డంగు సున్నం. గోటితో గీకితే పొడి రాలింది.

"ఇదంతా గోకేసి సిమెంటు కూరేద్దాం సార్, ఇక చూడక్కర్లా" అన్నాడు కుర్ర మేస్త్రి.

అక్కడే వస్తుంది తంటా. సున్నం ఇటుక కంటే మెత్తన. గోడకెక్కిన తేమ ఆ అతుకుల్లోంచే ఆరిపోతుంది. సముద్రం పక్క ఊళ్లు మనవి. తేమతో పాటు ఉప్పూ ఎక్కుతుంది. అది అతుకులో తేలి సున్నాన్ని తింటుంది. సున్నం పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. అతుకును సిమెంటుతో మూసేస్తే తేమ, ఉప్పు ఇటుక మీద పడతాయి. ఇటుక పొరలు పొరలుగా రాలి, సిమెంటు గీతలు మాత్రం గళ్లలా మిగులుతాయి.

పాత గోడను గీకొద్దన్న మాట కొత్తదేం కాదు. లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లో రెడ్ హౌస్ ఉంది. 1859-60లో కవి, డిజైనర్ విలియం మోరిస్ కోసం ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ గీసిన ఇల్లు. ఇటుక మీద పూత పూసి రాయిలా చూపించడం గొప్ప అనుకునే కాలంలో, ఎర్ర ఇటుకను దాచకుండా వదిలేశాడు వెబ్. వీళ్లిద్దరూ మరికొందరితో కలిసి 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టారు. పాతదాన్ని గీకి కొత్తగా మార్చొద్దు, ఎప్పటికప్పుడు చిన్న చిన్న మరమ్మతులతో కాపాడుకోండి అన్నదే వాళ్ల మాట.

సిమెంటు మీద నాకు కోపం లేదు. కాంక్రీటు ఇంటికి అది కావాల్సిందే. సున్నంతో కట్టిన గోడకు మాత్రం సున్నమే పెట్టించండి. పాడైన చోటే గీకించి, నీళ్లు చల్లి, సున్నం కూరించి, ఎండకు గబుక్కున ఆరకుండా తడి గోనెపట్టా కప్పించండి. నాలుగు రోజులు ఎక్కువ పడుతుందని మేస్త్రి సణిగితే, గోడ మనదని గుర్తుచేయండి.