చావుకు ముందు కణం పడే పాట్లు

ఎముక మజ్జ స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టగానే, పాథాలజిస్టుగా నా కన్ను ముందు ప్లాస్మా కణాన్నే వెతుక్కుంటుంది. కేంద్రకం ఓ పక్కకు ఒదిగి, మిగతా ఒళ్లంతా ముదురు నీలంగా ఉంటుంది. సెకనుకు వేల యాంటీబాడీ అణువులను తయారుచేసి బయటికి పంపే కణం అది. ఇంత చాకిరీ చేసే కణాలు మన ఒంట్లో అరుదు.

యాంటీబాడీ కూడా ప్రోటీనే. ప్రోటీను గొలుసుగా పుడుతుంది, సరిగ్గా మడతపడితేనే పనికొస్తుంది. ఆ పని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అరల్లో జరుగుతుంది. మడతపడనివి అక్కడ పేరుకుపోయినా కణం వెంటనే చావదు. నన్ను ఇప్పటికీ కదిలించేది ఈ సంగతే. వడ్డన వెనకబడిన పెళ్లి వంటశాలలో పొయ్యి తగ్గించి, మనుషుల్ని పెంచి, మాడింది పారబోసినట్టు, కణం కొత్త ప్రోటీన్ల తయారీ తగ్గిస్తుంది, మడతపెట్టే సహాయక ప్రోటీన్లను పెంచుతుంది, చెడినవాటిని ప్రోటియాజోముకు పంపి ముక్కలు చేయిస్తుంది. ఈ ఒత్తిడిని పసిగట్టే ఐఆర్ఈ1 అనే ప్రోటీనును పీటర్ వాల్టర్ బృందం, కజుతోషి మోరి 1993లో ఈస్ట్‌లో విడివిడిగా కనుగొన్నారు. మన కణాల్లో దానికి పెర్క్, ఏటీఎఫ్6 తోడున్నాయి.

ఒత్తిడి ఎంతకీ తీరకపోతే? ఐఆర్ఈ1 సంకేతం సద్దుమణుగుతుంది, పెర్క్ మాత్రం ఆగదు. చాప్ అనే ప్రోటీను పెరిగి, బతికించే ప్రోటీన్ల మీద చంపేవాటిది పైచేయి అవుతుంది. మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి బయటపడి కాస్పేజులనే కోత ఎంజైములను మేల్కొలుపుతుంది. కణం ముడుచుకుని ముక్కలవుతుంది, పొరుగు కణాలు ఆ ముక్కలను మింగేస్తాయి. సాధారణంగా చుట్టూ వాపు కూడా రాదు. ఈ చావును 1972లో కెర్, వైలీ, కరీ అపోప్టోసిస్ పేరుతో వర్ణించారు. కెర్ కూడా పాథాలజిస్టే. ఎలుక కాలేయాన్ని ఓపికగా చూస్తూ దాని ఆనవాళ్లు పట్టుకున్నాడు. మా వృత్తిలో ఆ ఓపికకు మించిన పనిముట్టు లేదు.

ప్లాస్మా కణానికి క్యాన్సర్ వస్తే మల్టిపుల్ మైలోమా. 2003లో అమెరికా అనుమతించిన బోర్టెజోమిబ్ అనే మందు ఆ కణాల ప్రోటియాజోమును అడ్డుకుంటుంది. చెత్త పోయే దారి మూసుకుపోయి, అసలే అంచున నడుస్తున్న కణం చావు వైపు మొగ్గుతుంది. దీనివల్ల అరికాళ్లు తిమ్మిరెక్కే బాధ ఉంటుంది, జబ్బు చాలామందిలో తిరగబెడుతుంది. అయినా చికిత్స తర్వాతి స్లైడులో ఆ నీలి గుంపులు పలచబడి కనిపిస్తే రిపోర్టు రాసే చేతికి హాయిగా ఉంటుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు తగ్గని నడుము నొప్పి, దానికి తోడు రక్తహీనత ఉంటే వయసు మీద నెట్టేయకండి, అవి మైలోమా గుర్తులు కావచ్చు. సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష అవసరమేమో డాక్టరుగారిని అడగండి.