మంచు డబ్బాలో మితాహారం

నవల అచ్చయితే విమర్శకులుంటారు. సినిమా ఆడితే విమర్శకులుంటారు. మన ఇళ్ళల్లో కూరకి మాత్రం విమర్శకురాలు ఉండకూడదట! మగవాడు కంచంలో ముద్ద పక్కకి నెడితే "రుచి తెలిసిన మనిషి" అంటారు. అదే ఆడది నెట్టిందా, "దీనికి నాలుక పొగరు" అంటారు. ఆ బిరుదు నాకు చిన్నప్పుడే వచ్చింది. జిగటగా ఉన్న బెండకాయ ముట్టను. ముల్లంగి వాసన పడదు. కూరలోకి పచ్చడి జారి కలిసిందంటే కంచం ముందు నుంచి లేచిపోతాను. అంచేత ఈ సమీక్ష రాయడానికి నాకున్న అర్హత సామాన్యమైనది కాదని మనవి.

సమీక్షకి వచ్చిన వస్తువు నెల్లాళ్ళ మితాహార పథకం. విజయవాడలో వండి, డబ్బాల్లో సర్ది, గడ్డకట్టించి, థర్మోకోల్ పెట్టెలో వారానికోసారి ఇంటికి పంపుతారు. సంస్థ పేరుతో మనకి పనిలేదు. మధ్యాహ్నం ఒక డబ్బా, రాత్రికొకటి. ఫ్రీజర్లో దాచుకోవడం, వేళకి వేడిచేసుకుని తినడం, అంతే. తెనాలిలో నేను, బాపట్లలో మా తోడికోడలు, రేపల్లెలో మా ఆడపడుచు ముగ్గురం ఒకేసారి చేరాం. చేరేటప్పుడు వయసు, ఎత్తు, బరువు, షుగరు, బీపీ అన్నీ అడిగారు. "మీకేమి ఇష్టం?" అన్న ప్రశ్న ఒక్కటే లేదు.

ఇది పరాయిదేశంలో పుట్టిన ప్రక్రియ. 1912 ప్రాంతాల్లో బర్డ్స్ఐ అనే అమెరికన్ లాబ్రడార్ చలిలో ఒక విశేషం చూశాడు. పట్టిన చేప ఆ చలిగాలికి అక్కడికక్కడే గడ్డకట్టేది. నెలల తరవాత వండినా తాజాగానే ఉండేది. ఆ కిటుకు మీదే గడ్డకట్టించిన ఆహారం వ్యాపారమైంది. 1950 దశకంలో అక్కడ రేకు పళ్ళెంలో భోజనం మొత్తం అమ్మారు. తరవాత సన్నబడడానికంటూ న్యూట్రిసిస్టమ్, జెన్నీ క్రెయిగ్ లాంటి కంపెనీలు వచ్చాయి. 1983లో మెల్బోర్న్‌లో మొదలైన జెన్నీ క్రెయిగ్, 2023లో అమెరికాలోని కేంద్రాలన్నీ మూసేసింది.

ఇక వంటల సంగతి. నీళ్ళు గడ్డకడితే నూటికి 9 వంతులు ఉబ్బుతాయి. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కూరగాయ లోపలి కణాల గోడల్ని చీల్చేస్తాయి. వేడిచేయగానే ఆ నీరంతా బయటికొస్తుంది. దోసకాయ కూర అలాగే నీళ్ళోడింది. వంకాయ పీచుపీచయింది. మజ్జిగపులుసు విరిగిపోయింది. పోపులో ఆవాలు, మినప్పప్పు మెత్తబడితే అది పోపేమిటండీ? అన్నం మూతపెట్టి, చెంచాడు నీళ్ళు చిలకరించి వేడిచేస్తే గాని బిరుసు వదల్లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గోంగూర పప్పు మాత్రం దివ్యంగా ఉంది. చింతపండు పులుసు కూడా అంతే. అసలు పులుసన్నది మర్నాటికే కదా రుచి తేలేది! నానినకొద్దీ బాగుండే వంటలకి మంచు మిత్రుడు, కరకరలాడాల్సిన వాటికి శత్రువు. పథకం రాసినవాళ్ళు ఈ తేడా చూసుకోకుండా అన్నిటినీ ఒకే డబ్బాలోకి తోశారు.

రేపల్లె ఆడపడుచు తీర్పు ఇంకా కటువుగా ఉంది. నిజాంపట్నం రేవు పక్కనే ఉన్న ఊరిది, ఐసంటే ఏమిటో దానికి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. "వదినా, ఐసులో పెట్టిన చేపనైతే మొప్ప ఎత్తి చూసి కొంటాం. దీన్ని ఏం ఎత్తి చూడమంటావ్?" అంది. రెండోవారంలో రాత్రంతా కరెంటు పోయి డబ్బాలు కరిగిపోయాయి. ఒకసారి కరిగిన వండిన పదార్థం మళ్ళీ గడ్డకట్టించి తినడం మంచిది కాదు. అన్నీ పారబోసి, పథకానికి దణ్ణం పెట్టేసింది.

బాపట్ల తోడికోడలి ఫిర్యాదు అన్నం గురించి. డబ్బాలో ఒకరోజు ముడిబియ్యం, ఒకరోజు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కినోవా. "మా ఊరి పేరు పెట్టుకున్న బియ్యం దేశమంతా తింటుంటే నాకీ గింజలేమిటి అక్కయ్యా?" అంది. నిజమే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటాం. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆకు ఎండు తెగులు తట్టుకునేలా దాన్ని మెరుగుపరిచి 2008లో విడుదల చేశాయి. ఆ బియ్యం గ్లైసీమిక్ సూచిక, అంటే రక్తంలో చక్కెరని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే లెక్క, 51 దగ్గరుంది. 55 దాటకపోతే తక్కువ కిందే లెక్క. అలవాటైన అన్నమే కొలిచి పెట్టే దారి ఉండగా పేచీకోరు నాలుకతో కొత్త గింజ తినిపించడం దేనికి?

అయితే డబ్బాని పూర్తిగా తీసిపారేయలేను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజూ మనం తినే కేలరీల్లో ధాన్యాల వాటా నూటికి 45 మించకూడదు. కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలి. మన కంచంలో అన్నం గుట్ట, కూర అంచున చుక్క. డబ్బా ఆ లెక్కని తలకిందులు చేసి చూపించింది. నెలకి నేను 2 కిలోలు తగ్గాను.

ఎందుకు తగ్గానో ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. పిల్లలు వదిలేసిన నాలుగు ముద్దలు, గిన్నె అడుగున మిగిలిన పప్పు, మధ్యాహ్నం చారు రాత్రికి... పారేయడానికి చేతులు రాక మనం తినేస్తాం కదూ? అవి ఏ కేలరీల పట్టికలోకీ ఎక్కవు. తిండికి వంకలు పెట్టే నేను కూడా మిగిలిన వాటికి వంక పెట్టను! ఈ డబ్బా మీద నా పేరుంది. ఒకళ్ళు తిన్నాక మిగిలింది కాదు. అందరికీ వడ్డించాక చల్లారిపోయి తినేదీ కాదు. వంటింట్లో ఇన్నేళ్ళుగా ఉన్నా, నాకోసమని ముందుగా తీసిపెట్టిన భోజనం నాకు అదే మొదటిసారి దొరికింది.

అందుకే నా తీర్పు ఇది. ఈ పథకం పొట్టని కొలిచింది గానీ నాలుకని లెక్కచేయలేదు. ఇష్టం లేని తిండి నెల్లాళ్ళు తినగలం, ఏడాది తినలేం. మానేసిన రోజున "నీకు పట్టుదల లేదు" అని మననే అంటారు. వంక పెట్టడం పట్టుదల లేకపోవడం కాదండీ, రుచి తెలియడం.

మా ముగ్గురిలో ఎవరమూ రెండో నెల డబ్బు కట్టలేదు. కాని నేను నాలుగు చిన్న డబ్బాలు కొన్నాను. వంట దిగగానే, ఎవరికీ వడ్డించకముందే, నా పాలు కొలిచి తీసిపెట్టుకుంటున్నాను. సగం కూర, కాస్త పప్పు, గుప్పెడు సాంబ మసూరి అన్నం. బెండకాయ మాత్రం లేదు.