పట్టికలో పట్టిక: పేరొకటి, పని వేరొకటి

ఒక తరగతికి రెండు మార్కుల పట్టికలున్నవనుకొందము. మొదటిదానిలో "గణితము" అను పేరు క్రింద మరియొక చిన్న పట్టిక కలదు. అందలి కడపటి నంబరు 501, దానికెదురుగా 60 మార్కులు. పత్రమును మరల దిద్దిన పిమ్మట వచ్చిన రెండవ పట్టికలో అదే 501కి 72. రెంటిని కలిపినచో 501కి 72 రావలెనని ఏ ఉపాధ్యాయుడైనను చెప్పును. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో వెలువరించిన పీహెచ్‌పీ అను కంప్యూటరు భాషలో ఈ పనికి చూడగానే తగినదిగా తోచు ఫంక్షను "అర్రే మెర్జ్ రికర్సివ్". దానికి అప్పగించినచో 501కి 60 అట్లే యుండును. 72 మాత్రము 502వ నంబరున చేరును! హెచ్చరిక యేదియు రాదు.

ఈ భాషలో వరుస జాబితాకును, పేర్లుగల పట్టికకును "అర్రే" అను సాధనమొక్కటే. 501 అనునది వరుసలో స్థానమా, ఒక బాలుని గుర్తా? ఫంక్షను సంఖ్యలన్నిటిని స్థానములుగనే యెంచి, రెండవ పట్టికలోని విలువను చివర తగిలించును. కొటేషను గుర్తులలో "501" అని వ్రాసినను లాభము లేదు. భాషయే దానిని సంఖ్యగా మార్చివేయును.

ఇంతవరకు క్షమింపవచ్చును. పేరు విషయమున మాత్రము క్షమించుట కష్టము. "రికర్సివ్" అనగా పై అంతస్తున చేసిన పనినే లోపలి అంతస్తులలోను చేయునదని అర్థము. సాదా "అర్రే మెర్జ్", "రంగు: ఎరుపు", "రంగు: పచ్చ" అను రెంటిని కలిపి పచ్చను నిలుపును. రికర్సివ్ రూపమో, ఎరుపు, పచ్చ రెంటిని ఒక జాబితాగా కూర్చును. లోనికి పోకముందే, పై అంతస్తుననే, పని మారిపోయినది! ఏ విలువయు పోకుండ పోగుచేయవలసిన చోట ఇది మంచి పనిముట్టే. కాని ఆ సంగతి పేరును బట్టి తెలియదు.

2009లో 5.3వ కూర్పుతో "అర్రే రిప్లేస్ రికర్సివ్" వచ్చినది. మార్కుల పట్టికను ఇది సరిగా కలుపును. అయితే తెలుగు, గణితము, సైన్సు అను జాబితాకు బదులు చరిత్ర ఒక్కటే గల జాబితానిచ్చినచో చరిత్ర, గణితము, సైన్సు అని తేలును. ఇది మార్చుటయు కాదు, చేర్చుటయు కాదు.

2021లో 8.1వ కూర్పు "అర్రే ఈజ్ లిస్ట్" నిచ్చినది. సున్న మొదలు వరుసగా సంఖ్యలున్నచో ఇది జాబితా యని చెప్పును. దాని సాయమున, జాబితాలనొక విధముగను పేర్ల పట్టికలను వేరొక విధముగను కలుపు ఫంక్షనును విద్యార్థియే కొద్ది పంక్తులలో వ్రాసికొనవచ్చును. ఒక్క చిక్కు మిగులును: ఇంకను మార్కులు వేయని ఖాళీ పట్టికను అడిగినను, అదియు జాబితాయే యని బదులు వచ్చును.