రజా బిందువు

వృత్తము, త్రికోణము, చతురస్రము ఏ జాతి సొత్తు? యూక్లిడు గ్రంథమునను, మన శుల్బసూత్రములందును ఇవియే కలవు. 1915లో రష్యా చిత్రకారుడు మాలెవిచ్ తెల్లని పటముపై నల్లని చతురస్రమునే లిఖించెను. లోకమున కంతకును సామాన్యమైన యీ యాకృతులతో, కొలది వర్ణములతో ఒక దేశపు సంస్కృతిని చెప్పుట సాధ్యమా? సయ్యద్ హైదర్ రజా చిత్రములను చూచినప్పుడెల్ల నాకీ ప్రశ్న కలుగును.

రజా 1922లో నేటి మధ్యప్రదేశమున జన్మించెను. 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును స్థాపించినవారిలో నొకడు. 1950లో ఫ్రాన్సునకేగి, అరువది సంవత్సరము లచ్చటనే నివసించి, 2010లో స్వదేశమునకు మరలివచ్చి, 2016లో ఢిల్లీలో దివంగతుడయ్యెను. పారిసునందు పేరు గడించిన పిదప, 1970 దశకమున, తన చిత్రములలో భారతదేశ మెచ్చట నున్నదని తన్ను తానే ప్రశ్నించుకొనెను. దొరికిన జవాబు బాల్యమునాటి బిందువు. నిలుకడలేని యా బాలునికి పల్లెబడి యుపాధ్యాయుడు గోడపై నొక చుక్క పెట్టి, దానినే చూచుచుండు మనెనట. బడిపంతులనైన నాకీ కథ సిగ్గును గూడ కలిగించును. మేము బెత్తముతో సాధింపలేనిదాని నాయన యొక చుక్కతో సాధించెను.

నల్లని బిందువు, వలయములు, ఊర్ధ్వముఖ అధోముఖ త్రికోణములు, పంచభూతములకు గుర్తుగా నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలము: ఇదియే యాయన సామగ్రి. ఇందు నాకొక యాక్షేపణ గలదు. 'కుండలిని', 'బీజ' అను పేరులను తొలగించినచో కొన్ని పటములు శ్రద్ధతో గీచిన యాకృతులుగా మాత్రమే మిగులును. తుదినాళ్లలో జపము కొన్నియెడల అలవాటుగా మారినది. సంస్కృతనామము పెట్టినంతనే చిత్రము భారతీయము కాజాలదు. జందెము వేసికొన్నంతనే జ్ఞాని కానట్లే.

కాని 1981 నాటి 'మా' అను పటమును చూడుడు. అందు బిందువుతోబాటు తల్లినుద్దేశించిన అశోక్ వాజపేయి హిందీ కవితాపంక్తి నాగరిలిపిలో నున్నది. అచ్చట శాస్త్రము మాటలాడదు. ముప్పదియేండ్లు పరదేశమున గడపిన కుమారుడు మాటలాడును. ఆకృతికి జాతీయత నిచ్చునది పేరు కాదు, అనుభవము. ముస్లిము కుటుంబమున బుట్టిన రజా బిందువును తనదిగా చేసికొనుటయు నిందుకే సాక్ష్యము. సంస్కృతి పుట్టుకతో వచ్చు ఆస్తి కాదు, సాధనతో వచ్చునది.

బిందువు మన వాకిళ్లకును క్రొత్త గాదు. అచ్చట స్త్రీలు చుక్కలు పెట్టి, గీతలతో కలిపి, కొలబద్ద లేకయే ముగ్గు తీర్చుదురు. వాని క్రింద సంతకము లేదు. రజా పటము 'సౌరాష్ట్ర' 2010లో లండనున 16 కోట్ల రూపాయలకు పైగా వెలకు పోయినప్పుడు దానిని కళ యని కొనియాడితిమి. వాకిటి ముగ్గును మాత్రము ఇంటిపని యని త్రొక్కుకొని పోవుచున్నాము. రజాను మెచ్చు చదువరి రేపటి యుదయమున గడప దాటుటకు ముందు ఒక్కక్షణము క్రిందికి చూచుగాక.